మోటారు కాదండీ, పంప్ హౌసే కొత్తది కట్టండి

మున్సిపల్ కమిషనర్ గారికి, ఇంజినీరింగ్ విభాగం వారికి, పంప్ హౌస్‌ని ఇక్కణ్ణుంచి ఎత్తేయమని ఈమధ్య అర్జీ మీద సంతకాలు పెట్టిన మా కాలనీ వాళ్లకు

నమస్కారం.

కాలనీ పేరు ఇందులో రాయడం లేదు. రాస్తే ఇళ్లకు అద్దెకు ఎవరూ రారని మా వాళ్లు ముందే నా చేత ఒట్టు వేయించుకున్నారు. కమిషనర్ గారూ, మీ ఆఫీసులో మా అర్జీలు ఒక కట్ట ఉన్నాయి, పేరు వాటి మీద చూసుకోవచ్చు. వీధుల మురుగంతా ఒక గుంటలో చేరితే (దాన్నే సంపు అంటారు) మోటారుతో తోడి పంపే డ్రైనేజీ పంప్ హౌస్‌కి మాది ఎదురిల్లు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇల్లు కట్టుకుని ముప్పై ఒక్క ఏళ్లయింది. పంప్ హౌస్ అప్పటికే ఉంది. దాని శిలాఫలకం మీద సున్నం మీద సున్నం పడి ఏ ఏడు కట్టారో కనపడదు. ప్రారంభించినవారి పేరు మాత్రం ఇంకా చదవొచ్చు.

పోయిన నెల మీ వాళ్లు వచ్చి కొలతలు తీసుకుని, "కొత్త మోటారు శాంక్షనైంది మేడం, ఈసారి ఇంకా పెద్దది" అని చెప్పి వెళ్లారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. ఈ ఉత్తరం అందుకే.

ముందు వెండి సంగతి చెబుతాను. శ్రావణ శుక్రవారం పూజకు కలశం చెంబు బుధవారం నాడు తోముకుంటాను. శుక్రవారం పొద్దుటికే మెడ దగ్గర తేనెరంగు తిరుగుతుంది. ఇంకో పది రోజులకు చెంబంతా నల్లగా, మసి పట్టిన గిన్నెలా అవుతుంది. ఇదే ఊళ్లో ఆ చివర ఉండే మా అక్క, అదే కొట్లో, అదే రోజు కొన్న చెంబు ఏడాదికి ఒకసారి తోమినా తెల్లగా మెరుస్తుంటుంది. చాన్నాళ్లు నా తోముడులోనే లోపం ఉందనుకున్నాను. తర్వాత మా ఏసీ గ్యాస్ రెండేళ్లలో రెండుసార్లు కారిపోయింది. మెకానిక్ కుర్రాడు లోపలి రాగి కాయిల్ బయటికి తీసి, దాని మీది నల్లటి పొర గోటితో గీకి చూపించి, "ఆంటీ, మీ ఇంటి పక్కన డ్రైనేజీ ఏమన్నా ఉందా?" అనడిగాడు. కిటికీ తెరిచి చూపించాను.

మురుగు గాలి ఆడకుండా ఎక్కువసేపు నిలవుంటే అందులో హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. వెండినీ రాగినీ నల్లబరిచేది అదే. తడిసిన కాంక్రీటు మీద చేరితే అక్కడుండే సూక్ష్మజీవులు దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లానికి సిమెంటు పిండిలా రాలుతుంది. మా పంప్ హౌస్ సంపు మూత తెరిచినప్పుడు టార్చి వేసి కప్పు అడుగుభాగం చూశాను. కంకర పళ్లన్నీ బయటికొచ్చాయి, ఇనుప చువ్వలు పొరలు పొరలుగా తుప్పు రాలుస్తున్నాయి. రోడ్డు దాటి వచ్చి నా ఏసీని తినేసిన గాలి, సంపుకి నాలుగడుగుల దూరంలో గోడకు బిగించిన ప్యానెల్ బోర్డులోని రాగి కాంటాక్టుల్ని వదిలిపెడుతుందా? "స్టార్టర్ పోయింది" అని మీ రిజిస్టర్లో ఎన్నిసార్లు రాసి ఉందో ఒకసారి తిప్పి చూడండి.

ఇక మోటారు సంగతి. నేను చూస్తుండగా గత ఎనిమిదేళ్లలో మూడు మోటార్లు మారాయి. కాలిపోయిన ప్రతిసారీ ఇంకొంచెం పెద్దది తెచ్చారు. పెద్దది పెడితే ఎక్కువ నీళ్లు తోడుతుంది కదా, మంచిదే కదా అని మేమూ అనుకున్నాం. రెండో పెద్ద మోటారు వచ్చాక ఒక ఆదివారం పదకొండింటికి వరండాలో కుర్చీ వేసుకుని, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, మోటారు ఎన్నిసార్లు మొదలవుతుందో లెక్కపెట్టాను. గంటలో పద్నాలుగు సార్లు. సుమారు మూడు నిమిషాలకు సంపు నిండుతుంది, మోటారు నిమిషంన్నర లోపే ఊడ్చేసి ఆగిపోతుంది, మళ్లీ మూడు నిమిషాలు. మోటారు స్టార్టయిన ప్రతిసారీ మామూలుకంటే అయిదారు రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగ్ వేడెక్కుతుంది. చల్లారేలోపే మళ్లీ స్టార్ట్. ఇలా రోజంతా తిరిగితే ఏ కంపెనీ మోటారైనా కాలిపోతుంది. రివైండింగ్ చేసే షాపతన్ని అడిగినా ఇదే చెబుతాడు.

అంటే లోపం మోటారుది కాదు, సంపుది. సంపు చిన్నది, దాని అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న ఇసుక, బురద ఉన్నాయి. నీళ్లు నిలవడానికి మిగిలిన చోటు మా మేడ మీది రెండు వాటర్ ట్యాంకులంత కూడా ఉండదు.

చిన్న లెక్క వేసి చూపిస్తాను, పాత అలవాటు. ఈ పంప్ హౌస్‌కి వచ్చే వీధుల్లో అపార్ట్‌మెంట్లతో కలిపి సుమారు పది వేల మందిమి ఉంటాం. పంప్ హౌస్ కట్టిన రోజుల్లో ఇందులో చాలావరకు ఖాళీ స్థలాలే, జమ్ము, తుమ్మచెట్లు. కేంద్ర ప్రభుత్వ ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ (సీపీహెచ్ఈఈవో) 2013లో వేసిన డ్రైనేజీ మాన్యువల్ ప్రకారం మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు, అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుంది. అంటే మనిషికి 108 లీటర్లు. పది వేల మందికి రోజుకు 10 లక్షల 80 వేల లీటర్లు. సెకనుకు పన్నెండున్నర లీటర్లు. ఇది సగటు. పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా అందరం ఒకేసారి స్నానాలు, బట్టలు, గిన్నెలు. ఇంత జనాభాకి ఆ వేళ ప్రవాహం సగటుకి మూడు రెట్లు ఉంటుందని లెక్కలోకి తీసుకోమంటుంది అదే మాన్యువల్. సంపు మరీ పెద్దదైనా తప్పే, మురుగు నిలవుండి కుళ్లుతుంది. సగటు ప్రవాహం అరగంట కంటే ఎక్కువసేపు అందులో ఉండకూడదు. ఆ పైహద్దు మాకు ఇరవై రెండు వేల అయిదు వందల లీటర్లు. ఇప్పుడున్నది అందులో పదో వంతు. మోటార్లకు పదిహేనేళ్లు, కట్టడానికి ముప్పై ఏళ్లు అని ఆయుష్షు కూడా అందులోనే ఉంది. మా కట్టడానికి ఆ ముప్పై దాటిపోయాయి.

పెద్ద మోటారు వల్ల ఇంకో ముప్పు ఉంది, అది పైపుది. ఇక్కణ్ణుంచి ఊరి పెద్ద డ్రైనేజీ పైపు (ట్రంకు మెయిన్) దాకా మోటారు మురుగుని తోసే పైపు, అంటే పంపింగ్ మెయిన్, పాతదే, సైజు పాతదే. ఒకే పైపులో రెట్టింపు నీళ్లు తోస్తే రాపిడి రెట్టింపు కాదు, ఇంచుమించు నాలుగింతలవుతుంది. ఆ ఒత్తిడికి జాయింట్లు లేచిపోతాయి. నిరుడు స్కూలు మలుపు దగ్గర పైపు పగిలి రోడ్డు మధ్యలో మురుగు ఫౌంటెన్ లేచింది మీకు గుర్తుండే ఉంటుంది. దానికి మూడడుగుల పక్కనే మంచినీళ్ల పైపు పోతోంది. ఆ వారం కాలనీ అంతా కాచి చల్లార్చిన నీళ్లే తాగాం. కాబట్టి కొత్త ఎస్టిమేట్‌లో సంపుతోపాటు పంపింగ్ మెయిన్ కూడా ఉండాలి. దాన్ని తర్వాత చూద్దాం అంటే, ఆ తర్వాత మేం మురుగులోనే చూడాలి.

కరెంటు పోతే మా కింది అంతస్తుల్లో ఏం జరుగుతుందో మీకు ఎవరూ చెప్పి ఉండరు, చెప్పుకోవడానికి సిగ్గు. ఇరవై నిమిషాలు దాటితే బాత్‌రూంలో నీళ్లు పోయే నహానీ ట్రాప్ లోంచి గుడగుడమని శబ్దం మొదలవుతుంది. అప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒక ఇసుక మూట బయటికొస్తుంది. పాత దిండు గలీబులో ఇసుక పోసి, మూతి బిగించి, ప్లాస్టిక్ సంచీలో కట్టిన మూట. దాన్ని ట్రాప్ మీద పెట్టి, పైన రోలో, గ్యాస్ సిలిండరో ఎత్తుతాం. మా వీధిలోకి కొత్త కోడలు వస్తే అత్తగారు మొదటి వారంలోనే ఈ విద్య నేర్పుతుంది. ఈ మధ్య ఒకింట్లో పసివాడి నామకరణానికి చుట్టాలు కూర్చుని ఉండగా కరెంటు పోయింది. అంతకంటే రాయను. పంప్ హౌస్‌లో జనరేటర్ ఉంది. డీజిల్ ఉండదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది.

సంపులోకి మురుగు వచ్చే చోట ఒక ఇనుప జాలీ ఉంటుంది. గుడ్డలు, జుట్టు, కొబ్బరిపీచు, డైపర్లు, ప్యాడ్లు అన్నీ దానికి పట్టుకుంటాయి. పైనుంచి కొక్కెం కర్రతో లాగితే కొంత వస్తుంది, అడుగున బిగుసుకున్నది రాదు. ఆపరేటర్ దగ్గర ఒక వెదురు కర్ర ఉంటుంది, దానికి అడుగు అడుగుకీ ఎర్ర పెయింటు గీతలు. నీటిమట్టాన్ని బట్టి మోటారుని ఆన్, ఆఫ్ చేసే ఫ్లోట్ స్విచ్చికి పీచు చుట్టుకుని పనిచేయని రోజుల్లో ఆయన ఆ కర్ర ముంచి నీటిమట్టం చూస్తాడు. నిరుడు దసరాల్లో ఒక రోజు కర్ర నాలుగో గీత దాకా తడిసింది, మోటారు తిరుగుతున్నా నీళ్లు తగ్గడం లేదు. పన్నెండింటికి ఒక మనిషి వచ్చాడు. నడుముకి కొబ్బరితాడు, ఒంటి మీద చెడ్డీ, అంతే. ఇరవై అడుగుల లోతు సంపు, దిగడానికి గోడకు బిగించిన ఇనుప మెట్లు. మూడో మెట్టు మీద కాలు పెట్టగానే మెట్టు ఊడి కింద పడింది. ఆ చప్పుడు మా వరండాలోకి వినిపించింది. అతను తాడు పట్టుకుని వేలాడాడు, పైవాళ్లు లాగారు. పైకొచ్చి రోడ్డు మీద చతికిలబడ్డాడు. మంచినీళ్లు ఇచ్చాను. మోచేతి నుంచి రక్తం కారుతుంటే తుడుచుకుంటూ, "ఏం కాలేదమ్మా, వాసన కూడా పెద్దగా లేదు లోపల" అన్నాడు.

నాకు ఆ రోజు భయం వేసింది ఊడిన మెట్టుకి కాదు, ఆ మాటకి. ఈ గ్యాస్ ఒక మోతాదు దాటితే ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన తెలియడం మానేస్తుంది. వాసన లేదని దిగినవాళ్లు పైకి రాకపోవచ్చు. ఒకడు పడిపోతే రక్షించబోయి ఇంకొకడు, వాడి కోసం మూడోవాడు.

అతన్ని ఎవరు దింపారని నన్నడగకండి. చెబితే ముందు పోయేది అతని పనే. మనుషులతో పాకీపని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం సెక్షన్ 7 ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని డ్రైనేజీలోకి దింపి శుభ్రం చేయించడం నేరం. 2014 మార్చిలో సుప్రీంకోర్టు ఇలా చనిపోయినవాళ్ల కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలంది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. మీ పాత పంప్ హౌస్‌కి మీరు వేసుకునే నిర్వహణ ఖర్చులో ఈ 30 లక్షలు ఎక్కడ రాస్తారు? కొత్తదానిలో మనిషి దిగే అవసరమే లేకుండా కట్టండి. జాలీ తనంతట తాను గీరుకుని చెత్త పైకి తెచ్చేది కావాలి, మోటార్లు గొలుసు పట్టి రోడ్డు మట్టానికి లాగేలా గైడు రాడ్ల మీద ఉండాలి, వాల్వులు వేరే చాంబర్లో ఉండాలి. ఇవన్నీ మీ ఇంజినీర్లకు కొత్త కాదు, ఊరవతల మురుగునీళ్లు శుద్ధి చేసే ఎస్టీపీ దగ్గర ఇలాంటివి ఉన్నాయి. మా వీధికే రాలేదు.

ఇక మా కాలనీ వాళ్లతో రెండు మాటలు.

మనలో రెండు వందల మందికి పైగా సంతకాలు పెట్టిన అర్జీలో, పంప్ హౌస్‌ని ఇక్కణ్ణుంచి ఎత్తేసి కాలువ గట్టు అవతల, పేదల ఇళ్ల వరస పక్కకి మార్చమని ఉంది. నా దగ్గరికీ తెచ్చారు. నేను పెట్టలేదు. ఎదురింటావిడే పెట్టకపోతే ఎలాగని నిష్ఠూరమాడారు. మన ఏరియాలో అన్నింటికంటే పల్లం ఈ చోటే. అందుకే ఆనాటి వాళ్లు ఇక్కడ కట్టారు. పైపులన్నీ ఇటే వాలి ఉన్నాయి. గట్టు అవతలికి ఆరు వందల మీటర్లు. 250 మీటర్లకు ఒక మీటరు చొప్పున పైపు వాలుగా వేయాలంటే అక్కడికి చేరేసరికి ఇంకో 2.4 మీటర్లు, అంటే ఎనిమిది అడుగులు లోతుకు పోవాలి. మన ఊళ్లో వానాకాలం అయిదడుగులు తవ్వితే నీళ్లు. ఇప్పుడున్న ఇరవై అడుగుల కింద ఇంకో ఎనిమిది అడుగులు తవ్వుకుంటూ పోతే అటూ ఇటూ ఇళ్ల పునాదులు ఏమవుతాయో ఆలోచించండి. వద్దనుకుంటే ఇక్కడ ఒక పంపు, అక్కడ ఒక పంపు పెట్టాలి. అప్పుడు వాసన రెండు చోట్ల. గట్టు అవతలి ఇళ్లలో వెండి కుందులు ఉండకపోవచ్చు. ముక్కులు ఉంటాయి.

ఇంకో సంగతి. వాన పడగానే వీధిలో మ్యాన్‌హోల్ మూత గడ్డపారతో లేపి వాన నీళ్లు అందులోకి తోసేది మనమే. మేడ మీది నీళ్ల గొట్టం డ్రైనేజీ చాంబర్లో కలిపింది మనమే. మా ఇంటిదీ అలాగే ఉండేది, మొన్న వేసవిలో మేస్త్రీని పిలిచి విడగొట్టించాను, పద్దెనిమిది వందలైంది. మురుగు కోసం కట్టిన సంపు వాన నీళ్లకి చాలదు, ఎంత కొత్తదైనా చాలదు. టిఫిన్ సెంటర్ల వాళ్లు మరిగిన నూనె సింకులో పోయడం కూడా ఆపాలి, అది పైపులో గడ్డకట్టి సబ్బుబిళ్లలా తయారవుతుంది.

కమిషనర్ గారూ, కొత్తది కట్టేటప్పుడు పాతది ఆపడానికి వీల్లేదు, పది వేల మంది స్నానాలు మానుకోలేరు. పక్కనే కొత్త సంపు దింపాలి. దానికి పార్కులో షటిల్ కోర్టు మూల తప్ప వేరే స్థలం లేదు. మా వాళ్లు గొడవ చేస్తారు, నాకు తెలుసు. నేను వచ్చి మాట్లాడతాను. నూతికి ఒరలు దించినట్టు దింపేటప్పుడు ఊటనీళ్లు తోడాల్సి వస్తుంది, చుట్టూ నేల కుంగొచ్చు. మొదలుపెట్టే ముందే మా గోడల మీద ఇప్పుడున్న బీటలన్నీ ఫొటోలు తీసి, మా సంతకాలు తీసుకోండి. రేపు కొత్త బీట ఏది, పాతది ఏది అని మీరూ మేమూ కొట్టుకోనక్కర్లేదు. తవ్వకం సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టండి. పాత పైపుల్ని కొత్త సంపులో కలిపే రెండు మూడు రోజులకు డీజిల్ పంపులు పెట్టి పైన గొట్టాలు వేసి మురుగుని దాటించాలి, ఆ పని తొలకరికి ముందే అయిపోవాలి. ప్యానెల్ బోర్డు ఈసారి ఎత్తుగా, సంపు గాలి తగలని వేరే గదిలో పెట్టించండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా చుట్టాలు మేడ మీద ఎదురుచూశారు. అంత నీళ్లు మాకు రాకూడదనే మొక్కుకుంటాం, కానీ బోర్డు నేలకి రెండడుగుల ఎత్తులో ఉంచి మొక్కుకుంటే ఏం లాభం? సంపు నుంచి వచ్చే గాలిని వదిలే ముందు చెక్కపొట్టు, కంపోస్టు ఉన్న తొట్టిలోంచి పంపే పద్ధతి ఉంది, బయోఫిల్టర్ అంటారు. ఖరీదైన యంత్రం కాదు, తడి ఆరకుండా చూసుకోవాలి, కొన్నేళ్లకోసారి పొట్టు మార్చాలి.

మోటార్లు రెండు నడవాలి, మూడోది సిద్ధంగా ఉండాలి. ఆ మాట మాన్యువల్ చూసి చెప్పడం లేదు, ఇసుక మూట చూసి చెబుతున్నాను.

కొత్త మోటారు శాంక్షన్ కాగితం ఇంకా మీ టేబుల్ మీదే ఉంటే ఒక్క వారం పక్కన పెట్టండి. ఏదో ఒక పనిదినం నాడు పొద్దున్న ఏడున్నరకి మా వీధికి రండి. పదకొండింటికి వస్తే అంతా బాగానే కనిపిస్తుంది. మీ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారు రాకపోయినా ఫర్వాలేదు. రాత్రి డ్యూటీ ఆపరేటర్ ఆరింటికి వెళ్తూ గేటు తాళం మా ఇంట్లో ఇచ్చి పోతాడు, పగటి డ్యూటీ ఆయన వచ్చేసరికి ఎనిమిదవుతుంది. వెదురు కర్ర తలుపు వెనక ఉంటుంది. గీతలు పైనుంచి కిందికి లెక్కపెట్టాలి.

ఇట్లు,
పంప్ హౌస్ ఎదురింటి లెక్కల టీచరు